ఆడపిల్లల కోసమని అమ్ముతున్న ప్రకృతి పరిశీలన పెట్టె: లోపల ఉన్నవి పనిముట్లా, అలంకరణ సామానా?

ఎనిమిది నుంచి పన్నెండేళ్ల లోపు ఆడపిల్లలను ఉద్దేశించి, ప్రకృతి పరిశీలన కిట్ అనే పేరుతో ఇప్పుడు చాలా కంపెనీలు పెట్టెలు తయారుచేసి అమ్ముతున్నాయి. వాటిలో ఒకదాన్ని మా ఇంట్లో తొమ్మిదేళ్ల మేనకోడలు, ఆమె స్నేహితురాళ్లు కొన్ని నెలలుగా వాడుతున్నారు. వాళ్ల పక్కన కూర్చొని చూసినదాన్ని బట్టి ఈ సమీక్ష రాస్తున్నాను. పెట్టె పేరు కావాలనే రాయడం లేదు. ఈ రకం పెట్టెలలో ఉండే సామాను దాదాపు ఒకటే కనుక, ఏ వస్తువు ఎలా పనిచేస్తుందో, ఎక్కడ మొరాయిస్తుందో తెలిస్తే చాలు, ఏ కంపెనీ పెట్టెనైనా కొనేముందు తూచి చూసుకోవచ్చు. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ పెట్టెలో సగం సామాను పిల్లను బయటికి తీసుకువెళ్లి, ఒకచోట కూర్చోబెట్టి, కళ్ల ముందున్నదాన్ని నిదానంగా చూడమంటుంది. మిగతా సగం బయటి నుంచి ఏరుకొచ్చినదాన్ని బల్లమీద ముచ్చటగా అమర్చమంటుంది. మొదటి సగానికి డబ్బు పెట్టవచ్చు. రెండో సగం లేకపోయినా పిల్లలకు వచ్చే లోటేమీ లేదు.

పెట్టె గులాబీ రంగులో ఉంది, మూత నిండా సీతాకోకచిలుకలు. రంగుతో నాకు పేచీ లేదు. గులాబీ రంగు ఇష్టపడే పిల్లలు కూడా మట్టి తవ్వగలరు. నా పేచీ అంతా లోపలున్న తెల్లటి ఏప్రన్‌తో. అంచులకు లేసు కుట్టిన తెల్లని గుడ్డను మట్టిపనికి ఇవ్వడమంటే, తవ్వుకోమని తవ్వుగోల చేతికిచ్చి, దానితోపాటే తవ్వవద్దనే ఆజ్ఞ కూడా ఇవ్వడమే. మా పిల్ల దాన్ని కట్టుకొని, చీమల పుట్ట దగ్గర మోకాళ్ల మీద కూర్చోబోయి, గుడ్డ కొస నేలకు తగులుతోందని చటుక్కున లేచి నిలబడింది. ఏప్రన్ విప్పేసిన తర్వాతగాని కూర్చోలేదు. పైగా దానికి ఒక్క జేబు కూడా లేదు. రాయి, గింజ, ఈక, పెన్సిలు ముక్క దాచుకోవడానికి వీలులేని బట్టతో పిల్ల బయట ఏం చేస్తుంది? చేతితొడుగులు మాత్రం మెచ్చుకోదగినవి. పెద్దవాళ్ల తొడుగులను రంగు మార్చి ఇవ్వకుండా చిన్న వేళ్లకు సరిపోయే కొలతతో కుట్టారు. ముళ్ల కొమ్మను పట్టుకున్నా, రాయిని దొర్లించినా వేళ్ల చివర గుడ్డ వేలాడదు.

ఇక అసలు పనిముట్ల విషయానికి వస్తే, ఈ పెట్టెకు ప్రాణం భూతద్దాలు. రెండు ఇచ్చారు. ఒకటి పొడుగు పిడి ఉన్న పెద్ద ప్లాస్టిక్ భూతద్దం, మూడు రెట్లు పెంచి చూపుతుంది. రెండోది బొటనవేలంత ఉండి, మడిచి మెడలో వేసుకోవడానికి వీలైన పది రెట్ల చిన్న కటకం. వృక్షశాస్త్రజ్ఞులు వాడే కటకం ఈ రెండో రకమే. అయితే దాన్ని ఎలా పట్టుకోవాలో చూపడంలో పెట్టెతో వచ్చిన పుస్తకం పూర్తిగా విఫలమైంది. బొమ్మలో ఒక అమ్మాయి చేయి బారుగా చాచి, దూరంగా ఉన్న పువ్వు మీద కటకాన్ని పట్టుకొని నవ్వుతూ ఉంటుంది. అలా పట్టుకుంటే పది రెట్ల కటకంలో ఏదీ కనిపించదు. దాని నాభ్యంతరం, అంటే వస్తువు స్పష్టంగా కనిపించడానికి కటకం నుంచి ఉండవలసిన దూరం, సుమారు రెండున్నర సెంటీమీటర్లు. కటకాన్ని కంటికి దాదాపు ఆనించి, చూడదలచిన వస్తువునే రెండో చేత్తో మెల్లగా దగ్గరికి తెచ్చుకోవాలి. ఒకానొక దూరంలో మసక తొలగిపోయి అంతా స్పష్టమవుతుంది. ఈ చిన్న కిటుకు చెప్పకపోతే పిల్లలు రెండు నిమిషాలు ప్రయత్నించి, కటకం పనిచేయడం లేదని పక్కన పడేస్తారు, పెద్ద ప్లాస్టిక్ భూతద్దంతోనే సరిపెట్టుకుంటారు. నాణ్యమైన పనిముట్టు ఇచ్చి వాడకం చెప్పకపోవడం కన్నా పెద్ద వృథా ఉండదు. భూతద్దంతో సూర్యుణ్ణి చూడకూడదన్న హెచ్చరికను మాత్రం పుస్తకంలో పెద్ద అక్షరాలతో వేశారు, అది అవసరమే.

కిటుకు తెలిసిన తర్వాత ఆ కటకం ఎక్కడికి తీసుకువెళ్లిందో చెబితేగాని దాని విలువ తెలియదు. లేత కొమ్మ మీద పేనుబంక పట్టి ఉంది. మామూలు కంటికి అది ఆకుపచ్చని నలుసుల గుంపు. కటకంలో చూస్తే ఒక్కొక్క నలుసుకూ కాళ్లు, వెనకవైపు రెండు చిన్న గొట్టాలు, కొమ్మలోకి గుచ్చిన సూదిలాంటి నోరు. ఒక చీమ వచ్చి తన మీసాలతో పేనుబంక వీపును తట్టింది. కాసేపటికి దాని వెనక ఒక తేటబొట్టు ఉబ్బింది, చీమ దాన్ని తాగేసి పక్కదాని దగ్గరికి వెళ్లింది. చెట్టు రసం తాగిన పేనుబంక అక్కరలేని చక్కెరను అలా బయటికి వదులుతుంది, చీమలు ఆ తీపి కోసం దానికి కాపలా కాస్తాయి, మీదికొచ్చే అక్షింతల పురుగులను తరుముతాయి. ఇదంతా నేను చెప్పకముందే మా పిల్ల, “చీమలు వీటిని పెంచుకుంటున్నాయా?” అని అడిగింది. పెట్టెతో వచ్చిన పుస్తకంలో ఈ ప్రశ్నకు చోటెక్కడా లేదు. కానీ పిల్లచేత ఆ ప్రశ్న అడిగించింది ఆ పెట్టెలోని వస్తువే కనుక, ఆ మెప్పు దానికి దక్కాలి.

పరిశీలన నోటుపుస్తకం విషయంలో తయారీదారుల ఆలోచన ఎటు మొగ్గిందో బయటపడుతుంది. ప్రతి పేజీకీ తీగలు, పువ్వులు, పక్షులతో అంచులు అచ్చువేశారు. పిల్ల గీసుకోవడానికి మిగిలేది అరచేతి వెడల్పు. కాగితం పలచన, నీటిరంగు వేస్తే వెనక పేజీలోకి ఊరుతుంది. తేదీ, వేళ, వాతావరణం, చోటు రాసుకోవడానికి గళ్లు లేవు, కొలత కోసం అంచున స్కేలు గీతలు లేవు. “ఈ రోజు నేను చూసిన అందమైన వస్తువు” అనే శీర్షిక మాత్రం దాదాపు ప్రతి పేజీలోనూ ఉంది. ఆ శీర్షిక చేసిన పని ఏమిటో నేను కళ్లారా చూశాను. చిల్లులు పడిన ఒక ఆకును ముందు పెట్టుకొని పిల్ల బొమ్మ వేసింది. బొమ్మలో ఒక్క చిల్లు కూడా లేదు. చిల్లులేవని అడిగితే, “చిల్లులు వేస్తే బాగుండదు కదా అత్తా” అన్నది. అందమైన వస్తువును చూడమంటే పిల్ల కళ్లెదుట ఉన్నదాన్ని సవరించి మరీ అందంగా చేసింది.

నిజానికి ఆ ఆకులో చూడవలసినవి ఆ చిల్లులే. ఆకు అంచున కత్తెరతో కోసినట్లు నున్నగా, అర్ధచంద్రాకారంలో ముక్క పోయి ఉంటే అది చాలాసార్లు ఆకులు కత్తిరించే తేనెటీగ పని. ఆ ముక్కలను గొట్టంలా చుట్టి తన గూడులో అరలు కట్టుకుంటుంది. ఆకు మధ్యలో ఈనెలను వదిలి కండను మాత్రమే గోకి తిన్నట్లుంటే అది మరో పురుగు. ఆకు పైన తెల్లని వంకరటింకర గీత ఉంటే, ఒక బుల్లి లార్వా ఆకు పై పొరకూ కింది పొరకూ నడుమ తొలుచుకుంటూ సాగిన దారి అది. దారి మొదట సన్నగా ఉండి పోనుపోను వెడల్పవుతుంది, ఎందుకంటే తింటూ పోతున్న కొద్దీ పురుగు కూడా పెరుగుతుంది. ఆ గీత వెడల్పులో ఒక ప్రాణి బాల్యమంతా కనిపిస్తుంది. ఈ సంగతి తెలిశాక మా పిల్లలు పురుగు కొట్టని ఆకులను పట్టించుకోవడమే మానేశారు. శీర్షికను “ఈ రోజు నేను చూసింది” అని మార్చి, అంచుల బొమ్మలు తీసేసి, కాస్త దళసరి కాగితం వేస్తే ఇదే నోటుపుస్తకం ఎన్నో రెట్లు మెరుగవుతుంది. అంతవరకు ఏ గీతలూ లేని తెల్లకాగితాల పుస్తకం కొనివ్వడం మేలు.

పెట్టెలో అన్నిటికంటే బాగా కుదిరినది నీలి ముద్రల కాగితాలు. సయనోటైప్ అనే ఈ పద్ధతిని 1842లో ఇంగ్లండు శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ కనుగొన్నాడు. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రిసయనైడ్ అనే రెండు లవణాలను కాగితానికి పూసి చీకట్లో ఆరబెడతారు. ఆ కాగితం మీద ఆకునో ఈకనో పెట్టి ఎండలో ఉంచితే, ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలిన చోట ఆ లవణాల్లోని ఇనుము రూపం మారి, ప్రష్యన్ బ్లూ అనే నీళ్లలో కరగని నీలి వర్ణకం ఏర్పడుతుంది. ఆకు నీడ పడిన చోట ఆ మార్పు జరగదు కనుక అక్కడి లవణాలు నీళ్లలో కడిగితే కొట్టుకుపోతాయి, కాగితం తెల్లగా మిగులుతుంది. సయనైడ్ అన్న మాట చూసి బెదిరే తల్లిదండ్రులు ఉంటారు. ఫెర్రిసయనైడ్ లవణంలో అది ఇనుముతో గట్టిగా ముడిపడి ఉంటుంది కనుక మామూలు వాడకంలో విషంగా విడిపోదు. ముందే పూసిన కాగితాలు ఇవ్వడం వల్ల పిల్లలు పొడులను ముట్టుకోవలసిన పని కూడా లేదు. పని ముగించాక చేతులు కడుక్కోవడం, ఆ కాగితాలకు గాఢమైన ఆమ్లాలను తగలనివ్వకపోవడం, కాల్చకపోవడం అనే జాగ్రత్తలు తీసుకుంటే చాలు.

కాగితాన్ని నీళ్లలో ముంచే ఆ క్షణం కోసం పిల్లలు తొట్టి చుట్టూ మూగుతారు. ఎండలో ఉన్నంతసేపూ కాగితం పసుపు కలిసిన పచ్చదనం నుంచి బూడిద రంగుకు మారుతుంది, అప్పటికి చూడటానికి ఏమంత గొప్పగా ఉండదు. నీళ్లలో వేయగానే పసుపు రంగు పొగలా విడిపోతుంది, నీలం పైకి తేలుతుంది, దాని నడుమ ఫెర్న్ ఆకు ఒక్కొక్క రెమ్మతో తెల్లగా నిలుస్తుంది. ఆరిన కొద్దీ నీలం ఇంకా చిక్కబడుతుంది. చూడచక్కని వస్తువే తయారవుతోంది కదా, ఇది మాత్రం అలంకరణ ఎందుకు కాదు అని అడగవచ్చు. ఇక్కడ అందం పిల్ల అమర్చడం వల్ల వచ్చింది కాదు, ఆకు తన ఆకారాన్ని తానే రాసుకోవడం వల్ల వచ్చింది. చిల్లులుంటే చిల్లులతో సహా పడుతుంది. ఇంగ్లండు వృక్షశాస్త్రజ్ఞురాలు ఆనా ఆట్కిన్స్ ఈ పద్ధతిని ఎంచుకున్నది కూడా అందుకే. సముద్రపు నాచులు మరీ సూక్ష్మంగా ఉండి చేత్తో ఉన్నదున్నట్లు గీయడం కష్టమైనందున, ఆమె నాచునే కాగితం మీద పెట్టి ముద్రలు తీసి, 1843 నుంచి భాగాలుగా వెలువరించింది. ఛాయాచిత్రాలతో వచ్చిన మొదటి పుస్తకం అదే.

ఈ భాగంలో లోపం ఒక్కటే, అదీ చిన్నది కాదు. ఆకును కాగితానికి అదిమి ఉంచడానికి గాజుపలక ఇవ్వకుండా, పిల్లల భద్రత దృష్ట్యా కాబోలు, యాక్రిలిక్ పలక ఇచ్చారు. కొన్ని రకాల యాక్రిలిక్ అతినీలలోహిత కిరణాలను అడ్డుకుంటుంది, మా పెట్టెలోది ఆ రకమే. పలక కింది కాగితం ఎంతసేపు ఎండలో ఉంచినా వెలవెలబోయింది, పలక బయటికి వచ్చిన అంచు మాత్రం చక్కగా నీలమైంది. అయితే ఈ లోపం నుంచే పిల్లలు ఒక ప్రయోగం లాగారు. పలక కంటికి ఇంత పారదర్శకంగా ఉన్నప్పుడు ఎండను ఎలా ఆపుతోందన్న అనుమానం వచ్చి, ఇంట్లో దొరికిన పారదర్శక వస్తువులన్నీ తెచ్చి ఒక్కొక్క కాగితం ముక్క మీద పెట్టి చూశారు: గాజు, పలచటి ప్లాస్టిక్ సంచి, నల్ల కళ్లద్దాలు, ఎండ తగలకుండా చర్మానికి రాసుకునే క్రీము పూసిన ప్లాస్టిక్ ముక్క. క్రీము పూసిన మేర వేలిగీతతో సహా తెల్లగా మిగిలింది. క్రీము ఏం చేస్తుందో ఏ ప్రకటన కన్నా ఆ మచ్చ బాగా చెప్పింది. తయారీదారులు ఈ పలకను మార్చాలి, అయితే ఈ ప్రయోగాన్ని పుస్తకంలో చేర్చి మరీ మార్చాలి.

పూలను అదిమి ఆరబెట్టే ప్రెస్ బాగానే కట్టారు. రెండు చెక్కపలకలు, నాలుగు మూలలా బోల్టులు, చేత్తో తిప్పగల రెక్కల నట్లు, మధ్యలో గాలి ఆడే గరుకు అట్టలు, అద్దుడు కాగితాలు. చిన్నపిల్లలు తమంతట తాము బిగించుకోగలరు. ఇక్కడ కూడా ఇబ్బంది పుస్తకంతోనే. మూడు రోజుల్లో పూలు సిద్ధమవుతాయని రాశారు. పలచటి రేకులకు కూడా అది చాలదు. దళసరి పూలకు వారాలు పడుతుంది. మొదటి కొన్ని రోజులు అద్దుడు కాగితాలను రోజూ మార్చాలి, పువ్వు ఎండి పలచబడిన కొద్దీ నట్లు మళ్లీ బిగించాలి, లేకపోతే మందారంలాంటి పువ్వు బూజు పట్టి గోధుమరంగు ముద్దగా మారుతుంది. మూడో రోజు విప్పి చూసిన పిల్లలకు దొరికేది ఆ ముద్దే, వాళ్లు అది తమ చేతకానితనం అనుకుంటారు. అంతకన్నా నన్ను బాధించిన విషయం ఇంకొకటి ఉంది. ఆరిన పూలతో ఏం చేయాలన్న పేజీలో పుస్తకపు గుర్తులు, శుభాకాంక్షల కార్డులు, ఫొటో ఫ్రేములు ఉన్నాయి గాని, పువ్వు పక్కన దాని పేరు, దొరికిన చోటు, తేదీ, సేకరించినవారి పేరు రాసి అతికించే పద్ధతి లేదు. ఆ చీటీ ఉంటేనే ఎండిన పువ్వు హెర్బేరియం (వివరాలతో భద్రపరచిన ఎండు మొక్కల సేకరణ) నమూనా అవుతుంది, లేకపోతే అది ఎండిన పువ్వే. అమెరికన్ కవయిత్రి ఎమిలీ డికిన్సన్ పద్నాలుగేళ్ల ప్రాయంలో మొదలుపెట్టి కూర్చిన హెర్బేరియంలో 424 మొక్కల నమూనాలున్నాయి. చాలావాటి పక్కన చిన్న చీటీల మీద తన చేతిరాతతో శాస్త్రీయ నామాలు రాసుకుంది. కవిత్వం రాయబోయే పిల్లకు కూడా ఆ చీటీ అడ్డు రాలేదు. పూలు ఎక్కువగా ఉన్నచోట ఒకటి రెండు మాత్రమే కోయాలనీ, రక్షిత ప్రాంతాలలో అసలు ముట్టుకోకూడదనీ కూడా పుస్తకంలో ఒక మాట ఉండవలసింది.

పురుగులను ఉంచి చూసే డబ్బాకు మూతలోనే కటకం ఉంది, గాలి రంధ్రాలు తగినన్ని ఉన్నాయి, అంచులు గీసుకుపోవు. పుస్తకం మాత్రం గొంగళిపురుగును పట్టుకొని డబ్బాలో “కొన్ని ఆకులు” వేయమంటుంది. గొంగళిపురుగుల్లో చాలా రకాలు ఒకటి రెండు జాతుల మొక్కలను తప్ప ముట్టవు. ఏవో ఆకులు వేస్తే ఆకుల మధ్యనే ఆకలితో చచ్చిపోతాయి. పురుగు ఏ ఆకు మీద దొరికిందో ఆ ఆకునే రోజూ తాజాగా తెచ్చి వేయాలి. ఇందులో విచిత్రమేమిటంటే, ఇదే పెట్టెలోని మహిళా శాస్త్రజ్ఞుల కార్డుల్లో, పురుగులను పరిశీలించి చిత్రించిన మారియా సిబిల్లా మేరియన్ గురించి ఒక కార్డు ఉంది. పదమూడేళ్లకే పట్టుపురుగులను పెంచి చూసిన ఆమె, పురుగులు బురదలోంచి పుడతాయని చాలామంది నమ్ముతున్న కాలంలో, గుడ్డు, గొంగళి, ప్యూపా, రెక్కల పురుగు అన్నిటినీ అది తినే మొక్కతో కలిపి ఒకే పటంలో చిత్రించింది. 1699లో, యాభై రెండేళ్ల వయసులో, కూతురిని వెంటబెట్టుకొని దక్షిణ అమెరికాలోని సురినామ్ వెళ్లి అక్కడి పురుగులను పరిశీలించి, 1705లో ఆ చిత్రాలను ప్రచురించింది. ఆమె మనకు నేర్పిన ముఖ్యమైన పాఠమే పురుగునూ దాని మొక్కనూ విడదీసి చూడకూడదని. కార్డు మీద ఆమె బొమ్మ వేసి, డబ్బా సూచనల్లో ఆమె పాఠాన్ని వదిలేశారు. నూగు గొంగళిని వట్టి చేత్తో పట్టుకుంటే దద్దుర్లు వస్తాయన్న హెచ్చరిక కూడా లేదు. పుల్లతో లేదా ఆకుతో సహా ఎత్తాలి.

ప్లాస్టర్‌తో అడుగుజాడల అచ్చులు తీసే సామాను గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. రెండు పాళ్లు పొడికి ఒక పాలు నీళ్లు, జాడ చుట్టూ అట్ట పట్టీ, అరగంట ఓపిక, అంతే. కుక్క జాడల్లో గోళ్ల గుర్తులు పడి, పిల్లి జాడల్లో పడకపోవడం పిల్లలు వెంటనే పట్టేశారు. పిల్లి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది కనుక, తమ చేతి అచ్చు తీసుకుందామని అందులో చేయి ముంచి ఉంచితే తీవ్రంగా కాలుతుంది. ఈ హెచ్చరికను పొట్లం మీద సన్నటి అక్షరాలతో వేయడం క్షమించరానిది.

మహిళా శాస్త్రజ్ఞుల కార్డులు ఇవ్వడం మంచి ఆలోచన. అవి ఎందుకు అవసరమో తెలియాలంటే డేవిడ్ చాంబర్స్ 1983లో ప్రచురించిన అధ్యయనం గుర్తు చేసుకోవాలి. శాస్త్రవేత్త బొమ్మ వేయమని 4,807 మంది పిల్లలను అడిగితే, స్త్రీని గీసినవి 28 బొమ్మలు మాత్రమే, ఆ 28 కూడా ఆడపిల్లలు గీసినవే. తర్వాతి దశాబ్దాల్లో ఆ పరిస్థితి చాలా మారింది, ఇంకా మారుతోంది. శిలాజాలను తవ్వితీసిన ఇంగ్లండు మహిళ మేరీ ఆనింగ్ కార్డు మా పిల్లలకు బాగా నచ్చింది. ఇక్తియోసార్ అనే ప్రాచీన సముద్ర సరీసృపం పుర్రెను ముందు ఆమె అన్న కనుగొన్నాడు; దాని మిగిలిన అస్థిపంజరాన్ని ఆమె వెలికి తీసేనాటికి ఆమెకు పన్నెండేళ్లు. కానీ ఆమె కనుగొన్న శిలాజాల మీద చర్చించిన లండన్ జియలాజికల్ సొసైటీ 1919 దాకా స్త్రీలను సభ్యులుగా చేర్చుకోలేదన్న సంగతిని కార్డు దాటవేసింది. పిల్లలకు అన్యాయం గురించి చెప్పకూడదని తయారీదారులు అనుకుని ఉండవచ్చు. నా అనుభవంలో తొమ్మిదేళ్ల పిల్లలకు అన్నిటికన్నా బాగా అర్థమయ్యేది అన్యాయమే. పైగా కార్డులన్నీ ఐరోపావారివే. మొక్కల క్రోమోజోముల మీద పనిచేసిన మన దేశపు జానకి అమ్మాళ్, 1977లో కెన్యాలో చెట్లు నాటే గ్రీన్ బెల్ట్ ఉద్యమాన్ని ప్రారంభించిన వంగారి మాతాయ్ లేని కట్ట అసంపూర్ణంగానే ఉంటుంది.

ఇక తళుకుల పొడి, స్టిక్కర్లు, ప్లాస్టిక్ రత్నాలు. ఎండుటాకులకు జిగురు రాసి తళుకులు చల్లి కిరీటం చేయమని పుస్తకం సూచిస్తుంది. ఈ తళుకులు సాధారణంగా లోహపు పూత పూసిన ప్లాస్టిక్ పొరను ముక్కలుగా కోసి తయారుచేసినవి. మట్టిలో పడితే ఏరడం అసాధ్యం. యూరోపియన్ యూనియన్ 2023లో ఇటువంటి విడి ప్లాస్టిక్ తళుకుల మీద ఆంక్షలు పెట్టింది. ప్రకృతి పేరు పెట్టుకున్న పెట్టెలో వాటిని ఉంచడానికి సమర్థన ఏదీ నాకు తోచడం లేదు.

ఇంత సామాను ఉన్నా పెట్టె ఇవ్వలేనిది ఒకటుంది, అది పెద్దవాళ్ల ముఖకవళిక. రాయి కింద వానపాము కనబడినప్పుడు పిల్ల ముందు వానపామును చూస్తుంది, వెంటనే తలెత్తి పక్కనున్న పెద్దవారి ముఖం చూస్తుంది. అక్కడ ఏవగింపు కనబడితే రాయి మళ్లీ మూతపడుతుంది. ఇష్టం నటించనక్కరలేదు, “నాకు కొంచెం జంకుగానే ఉంది, అయినా చూద్దాం పద” అంటే చాలు. పుస్తకం మొదట్లో తల్లిదండ్రుల కోసమని కేటాయించిన రెండు పేజీల్లో ఈ మాట లేదు. మరకలు ఎలా పోగొట్టాలో మాత్రం ఉంది.

ఆడపిల్లల కోసం అన్న ముద్ర అవసరమా అని చాలామంది అడుగుతారు. కటకానికీ గొంగళికీ ఆడ, మగ తేడా లేదన్నది నిజమే. అయినా, పెట్టె తెరిచి ఉన్నప్పుడు పక్కింటి అబ్బాయి వచ్చి చేయి చాచగానే మా పిల్లల్లో ఒకరు తాను చూస్తున్న కటకాన్ని అడగకుండానే ఇచ్చేయడం చూశాక, ఆ ముద్రను నేను తేలికగా కొట్టిపారేయలేకపోతున్నాను. తన వంతు అయ్యాక ఇస్తానని చెప్పడానికి మూత మీది ఆ మాట మరొక పిల్లకు అక్కరకొచ్చింది. అబ్బాయికి కూడా వంతు వచ్చింది, పేనుబంకను అతనూ చూశాడు. ముద్ర ఉండనివ్వవచ్చు, దాని పేరు చెప్పి లేసులూ తళుకులూ అంటగట్టడమే తగదు.

కొనదలచినవారికి నా సలహా ఇది. పది రెట్ల కటకం, పూల ప్రెస్, గాలి ఆడే పురుగుల డబ్బా, నీలి ముద్రల కాగితాలు ఈ నాలుగూ ఉన్న పెట్టె ఏదైనా కొనదగినదే, మూత ఏ రంగులో ఉన్నా సరే. ఈ నాలుగింటిలో రెండే ఉండి మిగతాదంతా స్టిక్కర్లయితే, ఆ రెండింటినీ విడిగా కొనుక్కోవడం నయం. యాక్రిలిక్ పలకకు బదులు అంచులు నున్నగా పట్టించిన గాజుపలక లేదా పాత ఫొటో ఫ్రేము అద్దం వాడుకోవచ్చు, ఎత్తి దించేటప్పుడు పెద్దవాళ్లు పక్కన ఉండాలి. తయారైన నీలి ముద్రలను సబ్బునీళ్లు తగలనివ్వకుండా ఉంచాలి, క్షారం తగిలితే నీలం వెలిసిపోతుంది. పెట్టెలోని సరుకు అయిపోయాక తిరిగి నింపుకోవడానికి ఏం దొరుకుతుందోనని కంపెనీ జాబితా చూశాను. తళుకుల పొడి ఏడు రంగుల్లో విడిగా అమ్ముతున్నారు, అద్దుడు కాగితాలు మాత్రం లేవు. వాటికి బదులు పాత వార్తాపత్రికలు సరిపోతాయి; నిగనిగలాడే పత్రికల కాగితం తడి పీల్చదు కనుక ప్రెస్‌లో దాన్ని వాడకూడదు.